బంటు అన్న పేరు

ఆ పేరు ఆయనకు పెట్టింది నేనే. అప్పట్లో క్యాంపులో అందరికీ తెలుసు. తర్వాత అందరూ మరిచిపోయారు, నేనూ గుర్తు చేయలేదు.

సౌదీకి పోకముందు మెట్‌పల్లి దగ్గర ఒక ప్రైవేటు బడిలో నాలుగేళ్లు తెలుగు చెప్పాను. ఆ జీతంతో ఇల్లు గడవక, మా మేనమామ తెచ్చిన వీసా మీద అభాకు వచ్చాను. అది కొండల మీది ఊరు. గల్ఫ్ అంటే ఇసుక, ఎండ అనుకుని వచ్చినవాణ్ణి, మొదటి చలికాలం రెండు రగ్గులు కప్పుకుని వణికాను. మా కంపెనీ చిన్నది. సర్కారు ఆఫీసుల్లో, హోటళ్లలో ఏసీలు, పైపులు, కరెంటు బాగుచేసే పని. నలభై మందిమి ఉండేవాళ్లం. సగం మంది నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్లం, మిగతావాళ్లు బంగ్లాదేశీలు, పాకిస్తానీలు. నా పని హాజరు రాయడం, స్టోరు చూసుకోవడం.

ఆయన మా ఫోర్‌మన్. ఆర్మూర్ పక్క పల్లె. నాకంటే పన్నెండేళ్లు పెద్ద కాబట్టి అన్నా అనేవాణ్ణి. ఏసీ మెకానిక్‌గా వచ్చి, నేను వచ్చేనాటికే పద్దెనిమిదేళ్లుగా ఒకే కఫీల్ కింద ఉన్నాడు. కఫీల్ అంటే మా కంపెనీ యజమాని. మా వీసా, అక్కడ ఉండటానికిచ్చే అకామా కార్డు, మా రాకపోకలు అన్నీ ఆయన సంతకం మీదనే. డెబ్బై దాటిన ముసలాయన. వాళ్లింట్లో మోటారు చెడినా, కారు ఆగినా అన్నకే ఫోను వచ్చేది. పోయి బాగుచేసి, వాళ్లు పెట్టిన ఖర్జూరాలు మా గదికి తెచ్చి పంచేవాడు.

నేను వచ్చిన రెండో ఏడు ఒక మధ్యాహ్నం, కొండ కింద పనికి పోయి తిరిగివస్తున్నాం. ముందు కఫీల్ జీపు, వెనక పైపులు నింపుకున్న మా పికప్పు. ఆ కొండల్లో వాన ఒకచోట పడితే నీళ్లు ఇంకొకచోట వస్తాయి. ఎండిపోయిన వాగును జీపు దాటుతుండగా ఎర్రటి నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. జీపు మధ్యలో ఆగిపోయింది. డ్రైవరు కిటికీలోంచి దూకి ఒడ్డుకు వచ్చాడు. ముసలాయన లోపలే ఉండిపోయాడు. మాకంటే ముందే దాటిన ముసలాయన తోడబుట్టినవాడి కొడుకులు ఇద్దరు అవతలి ఒడ్డున కారు దిగి కేకలు పెడుతున్నారు కానీ నీళ్లలో కాలు పెట్టలేదు.

అన్న పైపులు కట్టిన మోకు విప్పి, ఒక కొస పికప్పు కొక్కేనికి, ఇంకో కొస తన నడుముకు కట్టుకున్నాడు. "గట్టిగ పట్టుకో తమ్మీ" అని నాతో ఒక్క మాట అని దిగాడు. నీళ్లు రొమ్ము దాకా వచ్చాయి. పానాతో అద్దం పగలగొట్టి, ముసలాయనను వీపు మీద వేసుకుని వచ్చాడు. ఇద్దరూ ఒడ్డెక్కిన కాసేపటికి జీపు పక్కకు పడి కొట్టుకుపోయింది. అన్న మోచేయి నుంచి మణికట్టు దాకా గాజు గీసుకుపోయి రక్తం కారుతోంది. ముసలాయన ఆయన తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు.

ఆ సాయంత్రం గదిలో అన్నం దగ్గర కూర్చున్నప్పుడు నేనన్నాను, "అన్నా, నువ్వు అసలైన బంటువి."

ఆయనకు ఆ మాట నచ్చలేదు. "బంటంటే బంట్రోతు గదనే. మా నాయన తాసీలు ఆఫీసుల బంట్రోతే. సార్లకు చాయలు మోసుడు, బెల్లు కొడితే ఉరుకుడు. నేను గూడ గంతేనంటవా?"

బడి మానేసిన తర్వాత పాఠం చెప్పే అవకాశం నాకు అప్పుడే వచ్చింది. చెప్పాను. బంటు అంటే పాతకాలంలో వీరుడు. ఉత్త వీరుడు కూడా కాదు, ఒక దొరను నమ్ముకుని, ఆయన కోసం ప్రాణం ఇస్తానని మాట ఇచ్చినవాడు. ధైర్యం, విశ్వాసం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉండేవి. బంటుతనం అంటే పౌరుషం. కత్తి పట్టుకుని దొర ముందు నడిచినవాడే తర్వాత రాజ్యాలు పోయాక దివాణం గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఆ తర్వాత బిళ్ళ కట్టుకుని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చదరంగంలో అందరికంటే ముందు చచ్చేవాడికీ ఆ పేరే మిగిలింది. మాట అదే, కొలువు మారింది.

అందరూ తినడం ఆపి విన్నారు. అన్న నన్ను మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"అయితే మా నాయనది గూడ ఖాందాన్ పేరే అన్నట్టు" అని నవ్వాడు. కట్టు కట్టిన చేత్తో అన్నం కలపలేక చెంచాతో తిన్నాడు ఆ రోజు.

అట్లా ఆయన బంటు అయ్యాడు. రెండు మూడేళ్లు ఆ మాట మా క్యాంపులో గౌరవంగా బతికింది. ఎవరైనా కష్టమైన పని ఒంటిచేత్తో చేసి వస్తే "బంటు పని జేసినవ్" అనేవాళ్లు. చచ్చిపోయిన అర్థాన్ని బతికించానని నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఆఫీసులో ఈజిప్టు మేనేజరుకు కూడా ఒకసారి వివరించబోయాను. ఆయన విని, "మా దేశంలో నఫర్ అంటే సిపాయి. ఇక్కడ నఫర్ అంటే లెక్కకు ఒక కూలీ. రేపు హోటలుకు ఎంతమంది నఫర్లు కావాలో రాయి" అని రిజిస్టరు నా ముందుకు తోశాడు.

తర్వాత నితాఖత్ అనే సర్కారు రూలు వచ్చింది. కంపెనీలో సౌదీ వాళ్లు ఎంతమంది ఉంటే దాన్నిబట్టి కంపెనీకి ఒక రంగు. మా దాంట్లో కాగితం మీద తప్ప సౌదీవాడు ఎవడూ లేడు. ఎరుపులో పడ్డాం. ఎరుపులో పడితే మా అకామాలు మళ్లీ చేయరు. అకామా లేకుండా రోడ్డు మీద పట్టుబడితే నేరుగా ఇంటికి పంపుతారు. అప్పటికే ముసలాయన మోకాళ్లు పనిచేయక ఇంట్లోనే ఉంటున్నాడు. రియాద్‌లో చదువుకుని వచ్చిన చిన్నకొడుకు ఆఫీసులో కూర్చున్నాడు. అతనికి మా పేర్లు తెలియవు, తెలుసుకోవాలనీ లేదు.

ఎరుపు కంపెనీ నుంచి కఫీల్ ఒప్పుకోకపోయినా ఇంకో కంపెనీకి మారొచ్చని విన్నాం. జెద్దాలో ఒక పెద్ద మెయింటెనెన్స్ కంపెనీ మనుషుల కోసం చూస్తోందని సిరిసిల్ల ప్లంబరు కబురు తెచ్చాడు. ఆయన, కమ్మర్‌పల్లి ఎలక్ట్రీషియను ముందుండి మాట్లాడారు. మొత్తం పదకొండు మందిమి తయారయ్యాం. భయం ఒకటే. ముందుగా కొడుక్కు తెలిస్తే హురూబ్ పెడతాడు. పని వదిలి పారిపోయాడని సర్కారుకు రాసిచ్చే ఫిర్యాదు అది. ఒక్కసారి పేరు మీద పడితే మనిషి క్యాంపులో మంచం మీద పడుకుని ఉన్నా పారిపోయినవాడి కిందే లెక్క.

అందుకని అన్నకు చెప్పలేదు. అక్కడే మొదలైంది.

"బంటు వస్తుండు" అంటే మాట ఆపమని అర్థం అయింది. "బంటు చెవులు" అన్నాడొకడు, అందరూ నవ్వారు. ఆ మాటను బంగ్లాదేశీలు కూడా నేర్చుకున్నారు. వాళ్లకు దాని పాత కథ తెలియదు. చాడీలు చెప్పేవాడు అనే అర్థంలోనే పట్టుకుని, వాళ్లలో ఒకడు మేనేజరు గదికి ఎక్కువసార్లు పోతే వాణ్ణి కూడా బొంటు అని పిలవడం మొదలుపెట్టారు. నేను విన్నాను. అది కాదు దాని అర్థం అని ఒక్కసారి కూడా అనలేదు. నేనూ ఆ అర్థంలోనే వాడాను.

ఎందుకంటే నాకూ అనుమానం పట్టుకుంది. అన్న మునుపటికంటే ఎక్కువగా కఫీల్ ఇంటికి పోతున్నాడు. ఏం చెడిందని అడిగితే "ఊకెనే, పెద్దాయన పిలిచిండు" అంటాడు. ఒకరోజు స్టోరు దగ్గర నిలబడి, "తమ్మీ, నీ అకామా ఎప్పటిదాక ఉన్నది?" అని అడిగాడు. చెప్పాను. ఇంకా ఇద్దరిని అదే అడిగాడని తర్వాత తెలిసింది. మా మంచాల మధ్య ఏ మాట ఎప్పుడు ఆగిపోతోందో ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది? ఒకసారి గడప దగ్గరే నిలబడి అడిగేశాడు.

"నేనొస్తే ముచ్చట్లు బందైతున్నయేందిరా?"

"క్రికెట్ గురించి అన్నా" అన్నాడు ప్లంబరు. మా గదిలో క్రికెట్ చూసేవాడు ఎవడూ లేడు.

ఆయన పనిమీద బయటికి పోయిన ఒక పగలు నేను చేయకూడని పని చేశాను. స్టోరు చూసేవాణ్ణి కనుక గదుల మారు తాళాలు నా దగ్గరే ఉండేవి. ఆయన గదిలోకి పోయి పరుపు కింద ఉన్న డైరీ తీశాను. చివరి పేజీల్లో మా పదకొండు మంది పేర్లు, వాటి పక్కన అకామా నంబర్లు, గడువు తేదీలు. కొన్నింటికి టిక్కులు. మొదటి పేరు నాదే, దానికీ టిక్కు ఉంది. డైరీని ఉన్నచోటే పెట్టి తాళం వేశాను. పోయి అందరికీ చెప్పాను.

ఆ రోజు నుంచి ఆయనను మెస్సులోంచి తీసేశారు. అందరం కలిసి వండుకునేవాళ్లం, వంతులు ఉండేవి. "నీ వంతు వద్దులే అన్నా, నువ్వు పెద్దమనుషుల ఇంట్ల తింటవు గదా" అని ఎలక్ట్రీషియను మొహం మీదే అన్నాడు. ఆయన తన గిన్నె, తన ప్లేటు తీసుకుని వెళ్లి మరుసటి రోజు ఒక చిన్న స్టవ్ కొనుక్కున్నాడు. గుమ్మం పక్కన కూర్చుని టమాట చారు కాచుకునేవాడు. నేను పక్కనుంచి పోయేవాణ్ణి. నన్ను చూసి తల ఎత్తేవాడు. నేను ఫోను చూసుకునేవాణ్ణి.

ఒక శుక్రవారం పొద్దున ప్లంబరు ఆగలేక వెళ్లి అడిగేశాడు. మేమంతా వెనక నిలబడ్డాం.

"మా పేర్లు రాసుకున్నవట. ఎవలి కోసం?"

అన్న స్టవ్ ఆపాడు. డైరీ ఎవరు చూశారని అడగలేదు. "రాసిన. పెద్దాయన దగ్గరికి తీస్కపోయిన. మీరు జెద్దాకు పోదామనుకుంటున్నరని నాకు ఎరుకే. కఫీల్ ఒప్పుకున్న కాగితం ఉంటే వారంల పనైతది, లేకుంటే ఆర్నెల్లు తిరగాలె. అకామా గడువు దగ్గర పడ్డోళ్లకు ముందు సంతకం పెట్టుమని అడుగుతున్న. ఆరుగురికి పెడ్తనన్నడు. వాటికే టిక్కు పెట్టుకున్న."

"మమ్ముల అడగకుండనే?"

"మీరు నాతోని మాట్లాడితే గదా అడిగేది."

మా వాళ్లలో ఒక్కరూ నమ్మలేదు. నేను సగం నమ్మాను. నమ్మిన సగాన్ని బయటికి చెప్పలేదు.

రెండు రోజులకు కొడుకు మేనేజరుతో కబురు పంపాడు. ప్లంబరు మీద, ఎలక్ట్రీషియను మీద హురూబ్ పడింది. ఇద్దరే. ముందుండి నడిపిన ఆ ఇద్దరే. అదే వారం అన్న ఆరు కాగితాలు తెచ్చాడు. కఫీల్ మమ్మల్ని వదులుతున్నట్టు రాసిన తనాజుల్ కాగితాలు. కింద ముసలాయన సంతకం వణుకుతూ ఉంది. నాది అన్నింటికంటే పైన ఉంది.

ప్లంబరు తన పెట్టె సర్దుకుంటూ నన్ను చూశాడు. కాగితాలు సరిగా లేనివాళ్లు జైలు లేకుండా దేశం వదలొచ్చని సర్కారు గడువు ఇచ్చిన రోజులు అవి. ఆ గడువులోనే ఇద్దరూ వెళ్లిపోతున్నారు.

"డైరీ సంగతి తెచ్చి చెప్పినోనివి నువ్వే. మొదటి కాగితం నీదే. నువ్వు గూడ బంటువేనా పంతులూ?"

నేను ఏదో చెప్పబోయాను. ఆయన వినలేదు. చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు చూసిన చూపు అంతకుముందు నెలంతా నేను అన్నను చూసిన చూపే. తాళం నా దగ్గర ఉందని అందరికీ తెలుసు. హాజరు రాయడానికి రోజూ మేనేజరు గదికి పోతానని తెలుసు. ఆ రాత్రి భోజనంలో నా పక్కన చాప మీద చోటు ఖాళీగానే ఉండిపోయింది. ఇంకా పదిహేను రోజులు క్యాంపులో ఉన్నాను. నేను గదిలోకి వస్తే మాటలు ఆగేవి. అన్నకు వెళ్తున్నానని చెప్పడానికి పోయినప్పుడు ఆయన నా చేయి పట్టుకుని "జెద్దాల ఉక్క ఎక్కువ, పైలం" అన్నాడు. ఆ పదకొండు మందిలో ఆయనకు వెళ్తున్నానని చెప్పింది నేనొక్కణ్ణే అని తర్వాత తెలిసింది. చెప్పడంలో నాకు మర్యాద కంటే ఆరా ఎక్కువ ఉంది. ఆ ఇద్దరి పేర్లు చెప్పిన జాడ ఆయన ముఖంలో దొరుకుతుందేమో అని చూశాను. ఏమీ దొరకలేదు.

జెద్దాలో ఏళ్లు గడిచాయి. ముసలాయన పోయాడని విన్నాను. ఆ తర్వాత పరదేశీ పనివాళ్ల మీద తలకింత అని లెవీ పెట్టారు. అది ఏటేటా పెరిగింది. చిన్న కంపెనీలు మనుషులను వదిలించుకోవడం మొదలుపెట్టాయి. ఒకరోజు అన్న నుంచి ఫోను వచ్చింది. దేశం వదిలిపొమ్మని ఎగ్జిట్ కొట్టారట. జెద్దా నుంచి విమానం. ఒక పూట నా గదిలో ఉండొచ్చా అని అడిగాడు.

బస్ స్టేషను దగ్గర చూస్తే గుర్తుపట్టలేకపోయాను. గడ్డం పూర్తిగా తెల్లబడింది. మోచేతి మీద గాజు గీసిన మచ్చ మాత్రం అట్లాగే ఉంది. గదిలో చాయ పెట్టి ఇచ్చాను.

"ఇరవై ఆరేండ్లు జేసిన" అన్నాడు. "పెద్దాయన కొడుకు పిలిచి, లెవీ కట్టినంక గూడ నీ ఒక్కని జీతానికి ఇద్దరు బంగ్లావాళ్లు వస్తరు అన్నడు. నిజమే గావచ్చు."

"నువ్వేమన్నవన్నా?"

"సరే అన్న. ఏమంట?"

అడగొద్దనుకుంటూనే అడిగాను. "అన్నా, ఆ ఇద్దరి పేర్లు కొడుక్కు ఎవరు చెప్పిన్రు?"

ఆయన చాయ గ్లాసు కింద పెట్టాడు. "నేనే. పెద్దాయన సంతకాలు పెడుతున్నప్పుడు కొడుకు వచ్చిండు. కాగితాలు గుంజుకుని సూసిండు. వీళ్లను ఎగేసినోడు ఎవడన్నడు. తెల్వదన్న. కొడుకుకైతే ఎన్నటికీ చెప్పకపోదును. గప్పుడు పెద్దాయన నా మొఖం జూసి, నా ఇంట్ల కూసుండి అబద్ధమాడుతున్నవా అన్నడు. గా మాటకు ఆగలేకపోయిన. ఇద్దరి పేర్లు జెప్పిన. ఆరు కాగితాలు చేతికిచ్చిన్రు."

"క్యాంపులో చెప్పొచ్చు కదా, జరిగింది ఇదీ అని."

"చెప్తే ఎవలు నమ్ముతుండె? మీకందరికి ఒక పేరు దొరికింది గదా నాకు పెట్టెతందుకు." కోపం లేదు గొంతులో. తర్వాత నన్నే అడిగాడు. "నువ్వు జెప్పినవు గదా ఆ కాలపు బంట్లు. దొర అడిగితే తోటోని పేరు చెప్పేటోళ్లా?"

"తెల్వదన్నా. ప్రాణం ఇచ్చిన సంగతే రాళ్ల మీద చెక్కించిన్రు. పేరు చెప్పిన సంగతి ఎవరూ రాయలే."

నా పేరు మొదట ఎందుకు రాశాడని అడిగాను. "నువ్వు మా నాయన కొలువుకు మంచి అర్థం జెప్పినవ్. ముందు నీదే గుర్తొచ్చింది" అన్నాడు.

ఆ మాటకు నాకు కళ్లు తడవాలి. తడవలేదు. ఇప్పుడెందుకు చెప్తున్నాడు ఇదంతా, ఊళ్లో ఆ ఇద్దరి ముందు నా చేత సాక్ష్యం చెప్పించుకోవడానికా అన్న ఆలోచన వచ్చింది. అంత పాడైపోయింది నా బుద్ధి. డైరీ తీసింది నేనేనని నోటిదాకా వచ్చింది, కానీ చెప్పలేదు. ఆయనకు తెలుసేమో. విమానాశ్రయంలో ఆయన పెట్టె బరువు ఎక్కువైతే ఒక దుప్పటి తీసి నాకిచ్చాడు. అది వాడుతున్నాను.

తర్వాత నాలుగు నెలలకు సిరిసిల్ల నుంచి ప్లంబరు ఫోను చేశాడు. అభా వదిలాక నాతో మాట్లాడటం అదే మొదలు. ఆయన మళ్లీ గల్ఫ్‌కు రాలేకపోయాడు, ఊళ్లోనే బోర్ల పని చేస్తున్నాడు.

"బంటు వచ్చిండు మా ఇంటికి" అన్నాడు. "కమ్మర్‌పల్లికి గూడ పోయిండట, వాడు ఇంట్లకు రానియ్యలే. మా ఆవిడ కుర్సీ ఏసింది. తప్పయింది, నీ పేరు నేనే జెప్పిన అన్నడు. ఆయనతోటి నేనేమీ అనలే. చాయ తాగి పోయిండు."

"మంచిదే కదా."

"ఏం మంచిది? ఇన్నేండ్లకు ఎందుకొచ్చినట్టు? ఏమన్న అడుగుతడేమో అనుకున్న, ఏం అడగలే. నీకేమన్న జెప్పిండా?"

"ఏం వద్దు గావచ్చు ఆయనకు."

"ఊకెనే ఎవలొస్తరు పంతులూ?" అన్నాడు ఆయన. నా జవాబు కోసం ఆగాడు. తర్వాత ఇక్కడ ఎండలు ఎట్లున్నాయని అడిగి, ఫోను పెట్టేశాడు.